చెట్ల కింద మూడు వందల మీటర్లు

2020 జూన్ 9, మంగళవారం

డెబ్బై దాటినవాళ్ళు గుమ్మం దాటకూడదని ఈ ఐర్లండ్ దేశం మార్చిలో ఉత్తర్వు వేసింది. దానికి కకూనింగ్ అని పేరు. పట్టుపురుగును గూట్లో ఉంచుతారు, సరే. ఆ తరవాత ఆ గూటిని వేణ్ణీళ్ళలో వేస్తారన్న సంగతి మాత్రం ప్రకటనలో చెప్పలేదు. నాకు డెబ్బై రెండు. ఇప్పుడు కాస్త సడలించి నడకకు వెళ్ళనిస్తున్నారు. దారిలో ఎవరైనా ఎదురైతే చెరొక గట్టూ ఎక్కి, దొంగల్లా తలలూపుకుని పోతాం.

జనవరిలో మూడు నెలలకని వచ్చాను. విమానాలు ఆగిపోయాయి. తెచ్చుకున్న బీపీ మాత్రలు అయిపోతే ఇక్కడి జీపీ డాక్టరు రాసిచ్చినవి వేసుకుంటున్నాను. రంగు వేరు. పని అదే చేస్తాయని విజయరాణి అంటుంది.

విజయరాణి నా కూతురు. లెటర్‌కెన్నీ ఆసుపత్రిలో నర్సు, కరోనా వార్డు. ఇంటికి రాగానే గ్యారేజీలో బట్టలు విప్పి సంచిలో వేసి, వెనక తలుపున వచ్చి తిన్నగా స్నానానికి పోతుంది. అల్లుడు శౌరి డబ్లిన్‌లో ఒక వృద్ధుల ఆశ్రమంలో కేరర్, ముసలివాళ్ళను కనిపెట్టుకుని ఉండే పని. మార్చి నుంచి ఇంటికి రాలేదు, అక్కడే పడుకుంటున్నాడు. కూతురు గదిలోంచి దగ్గు వినపడితే నేను వంటింట్లో గరిటె ఆపేస్తాను. రెండోసారి దగ్గకపోతే మళ్ళీ తిప్పుతాను.

ఈ మాట నోటితో అంటే అందరూ నన్ను ఓదార్చడం మొదలుపెడతారు. దానికన్నా రాసుకోవడం నయం.

ఇంట్లో ధైర్యంగా ఉన్నది మనవరాలు అబిగేయిల్ ఒక్కతే. ఇరవై నాలుగేళ్ళు. రోడ్లు వేసే కంపెనీలో ఇంజనీరై ఎనిమిది నెలలయింది. ఆఫీసు మూసేశారు కనక వంటింటి బల్లే ఆఫీసు. దాని పై ఇంజనీరు మార్టిన్ మూడు వారాలుగా కరోనాతో మంచం మీద ఉన్నాడు. ఇది డిజైన్ కాగితం తయారుచేసి పంపితే, ఆయన పడుకునే చూసి సంతకం పెడతాడట.

నేను తెలుగులో అడుగుతాను, అది ఇక్కడి డొనెగాల్ యాస ఇంగ్లీషులో జవాబిస్తుంది. ఇక్కడ దాని మాటలూ తెలుగులోనే రాస్తాను. నా పుస్తకం, నా ఇష్టం.

జూన్ 11, గురువారం

ఈరోజు మనసుకు బాగుంది. ఎన్నాళ్ళకో ఒక పనికొచ్చే మాట మాట్లాడాను.

ఉల్లిపాయలు తరుగుతూ అబీ కంప్యూటర్‌లోకి తొంగి చూశాను. మా ఇంటి నుంచి పట్టణానికి పోయే రోడ్డే.

"ఏమిటే ఇది?"

"సర్ఫేస్ డ్రెస్సింగ్, అమ్మమ్మా. పాత రోడ్డు మీద పలచగా తారు చల్లి, దానిమీద సన్నకంకర చిప్స్ పరిచి..."

"ఎవరికి చెబుతున్నావు? నువ్వు పుట్టకముందు నేను నాలుగు వందల కిలోమీటర్లు చల్లించాను. పీపాల్లో తారు కాచి, ఆడవాళ్ళు గంపలతో బేబీ చిప్స్ విసురుతుంటే, కాళ్ళకు గోనెపట్టాలు చుట్టుకుని వెనకే నడిచాను."

"తెలుసు, తెలుసు. చీరలో ఇంజనీరమ్మ." నవ్వింది. కానీ కుర్చీ జరిపింది.

కాగితం శుభ్రంగా చేసింది. రోడ్డు ఎంత గట్టిగా ఉందో కడ్డీతో గుచ్చి కొలిచిన అంకెలు, రోజుకు ఎన్ని లారీలు పోతాయో, పాత ఉపరితలం ఎంత పొడిబారిందో, ఎండ తగులుతుందో లేదో, ఒక్కోదానికి ఒక్కో గడి. అన్నీ కలిపితే చదరపు మీటరుకు ఇన్ని లీటర్ల తారు అని వస్తుంది. వంపు దగ్గర, చెట్లు రెండు వైపుల నుంచీ కలిసిపోయిన ఆ మూడు వందల మీటర్లకూ ఒకటి పాయింట్ ఎనిమిది అని ఉంది.

"ఒకటి ఎనిమిదా! రోడ్డు వేస్తున్నావా, పాయసం వడ్డిస్తున్నావా?"

"అక్కడ ఎండ పడదు కదా. నీడకు పాయింట్ మూడు కలపాలని గైడ్‌లో ఉంది."

"గైడు రాసినవాడు తారు తేలిన రోడ్డు చూశాడా?"

నేను చూశాను. 1984లో అనంతపురం వైపు నేను వేయించిన రోడ్డు మీద మే నెల ఎండకు తారు పైకి తేలి, నల్లటి అద్దంలా అయింది. బస్సు జారి కాలవలో పడింది. ఇద్దరు పోయారు. ఆ ఇద్దరి పేర్లూ నాకు ఇప్పటికీ వచ్చు. అప్పటినుంచి తారు తక్కువైతే దిద్దుకోవచ్చు, ఎక్కువైతే దిద్దుకోలేం అని నా కింద పనిచేసిన ప్రతివాడికీ చెప్పాను.

అబీకీ చెప్పాను. బస్సు సంగతి కూడా. 

ఇద్దరం మాట్లాడుకున్నాం. చివరికి నీడ గడిలో సున్నా పడింది, తారు లీటరున్నరకు దిగింది.

జూన్ 12, శుక్రవారం

మార్టిన్ సంతకం వచ్చేసింది. పంపిన నిమిషంలోనే. ఇది కదా సమర్థత అంటే.

జూన్ 16, మంగళవారం

పని జరిగింది. పొద్దున తొమ్మిదికే వెళ్ళి గట్టుమీద గేటు పక్కన నిలబడ్డాను. మాస్కు పెట్టుకున్నాను, అబీ తన మెరుపు జాకెట్టు ఒకటి తొడిగింది. మోకాళ్ళ దాకా వచ్చింది. రోడ్డు శంకుస్థాపనకు వచ్చిన బిషప్పులా ఉన్నానంది.

చల్లే లారీని నడిపేది ఫ్రాన్సీ అనే మేస్త్రీ. అరవై దగ్గర పడ్డాడు, మొహం నిండా ఎండ. ముందుగా రోడ్డు మీద అక్కడక్కడా చదరపు ట్రేలు పరిచాడు. లారీ వాటిమీదుగా చల్లుకుంటూ పోతుంది, తరవాత ట్రేలు తీసి తూస్తే నిజంగా ఎంత పడిందో తెలుస్తుంది. మా రోజుల్లో తూకం మేస్త్రీ కంటిలో ఉండేది. నేను పక్కనే నిలబడి తూయించుకున్నాను. వంపులో ప్రతి ట్రే లెక్కా చదరపు మీటరుకు లీటరున్నర. అటూ ఇటూ చుక్క లేదు.

"చూశావా, నీ కాగితంలో ఉన్నది ఉన్నట్టు పడింది," అన్నాను అబీతో.

ఎమల్షన్, అంటే నీళ్ళలో కలిపిన తారు, కాఫీ రంగులో పడి, చూస్తుండగానే అంచుల నుంచి నల్లబడుతుంది. అది నల్లబడేలోపు వెనక బండి చిప్స్ కురిపించాలి. కురిపించింది. రోలర్లు తొక్కాయి. ఎండలో ఉన్న భాగం గంటలో పట్టేసింది. చెట్ల కింద మధ్యాహ్నం దాకా గోధుమరంగుగానే ఉంది.

ఫ్రాన్సీ ఆరడుగుల దూరం నుంచి ఏదో అన్నాడు. ఆయన మాటల్లో సగం గాలికి పోతాయి.

"ఇక్కడ చలిగా ఉంటుంది, మిస్సస్, అంటున్నాడు," అని అబీ చెప్పింది.

"మనుషులకా, రోడ్డుకా?"

అబీ అడగలేదు.

జూన్ 18, గురువారం

నిన్నటి నుంచి సన్నటి తుంపర. కొత్త రోడ్డు మీద కార్లు పోతుంటే మడ్‌గార్డులకు రాళ్ళు తగిలే చప్పుడు ఇక్కడికి వినపడుతోంది. మొదటి రెండు రోజులూ కొన్ని లేస్తాయి. ముప్పై అయిదు దాటవద్దని బోర్డులు పెట్టారు కూడా. మామూలే.

జూన్ 19, శుక్రవారం

మామూలే.

జూన్ 21, ఆదివారం

జూమ్‌లో ఆరాధన. పాస్టరుగారు మ్యూట్ తీయకుండా ఇరవై నిమిషాలు ప్రసంగించారు. ఆయన చేసినవాటిలో ఇదే మేలు.

నవ్వుతూ ఉండగా విజయరాణి డ్యూటీ నుంచి వచ్చింది. గ్యారేజీ తలుపు అవతల నుంచే అంది, "అమ్మా, ఆ వంపు దగ్గర కారు పక్కకు జరిగింది. గులకరాళ్ళ మీద నడుపుతున్నట్టుంది. మీ ఇంజనీర్లిద్దరూ ఏం వేశారు?"

"మెల్లగా నడపవే. బోర్డు చదవడం రాదా?"

"పాతిక మీద ఉన్నాను, అమ్మా."

దాని గొంతులో విసుగు లేదు. అలసట ఉంది. పన్నెండు గంటలు మాస్కు కట్టుకుని, నిద్రకు తూగుతూ ఆ వంపు మీదుగా వస్తుంది. రోజూ. పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి.

భోజనం కాగానే వంపు దాకా నడిచాను. ఎండలో ఉన్న రోడ్డు బ్రహ్మాండంగా ఉంది, రాయి రాయికి అంటుకుని. చెట్ల కింద అడుగు పెట్టగానే చెప్పు కింద రాళ్ళు దొర్లాయి. వంగి గుప్పెడు తీశాను. తిప్పి చూశాను. పట్టాల్సిన పక్కన నల్లటి మరక కూడా సరిగా లేదు. వేలితో రుద్దితే అదీ పోయింది.

తారు తక్కువైతే అలా ఉంటుంది.

వాన పడింది కదా. వాన వల్ల కూడా అలా ఉంటుంది.

ఎడమ చేతికి వంపు, కుడిచేతికి రాతిగోడ. జారితే గోడలోకే.

జూన్ 22, సోమవారం

నీడకు ఎందుకు కలపాలో నాకెవరూ చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు. నా ముప్పై అయిదేళ్ళ సర్వీసులో రోడ్డు మీద నీడ అంటే కూలీలు సద్దన్నం తినే చోటు. సర్వే చేసేటప్పుడు కూడా చెట్టుకింద బల్ల వేసుకునేవాళ్ళం. ఎండ ఎప్పుడూ ఎక్కువే, కనక తగ్గించడమే వచ్చు. ఎండ అసలు తగలని చోట తారు మెత్తబడదని, మెత్తబడకపోతే రాయి దానిలో కూరుకోదని, అందుకే ముందే ఎక్కువ పోయాలని, పుస్తకం చదివిన ఇరవై నాలుగేళ్ళ పిల్లకు తెలుసు. నాకు తెలియదు.

తెలియదని కాదు. గుర్తు రాలేదు.

పొద్దున అబీకి ఫోన్లు మొదలయ్యాయి. రెండు కార్ల అద్దాలు పగిలాయి. గార్డుల దగ్గర నుంచి, అంటే ఇక్కడి పోలీసుల నుంచి కూడా ఒక ఫోను. అది పేపరు ముందు పెట్టుకుని పెన్ను కొరుకుతోంది.

"ఏమై ఉంటుంది, అమ్మమ్మా?"

"చల్లే లారీలో నాజిళ్ళు మూసుకుపోయి ఉంటాయి," అన్నాను. "మాకు ఎప్పుడూ అదే."

అది వెంటనే రాసుకుంది. నా మాట అది ఎప్పుడూ వెంటనే రాసుకుంటుంది.

నిజం చెబితే ఏమవుతుంది? కంపెనీలో లేని మనిషి, వంటింట్లో ఉల్లిపాయలు తరిగే ముసలమ్మ చెబితే అంకె మార్చిందని తెలిస్తే, పొరపాటు చేసినదానికన్నా ఎక్కువ శిక్ష పడుతుంది. పిల్ల కోసమే ఊరుకున్నాను.

పిల్ల కోసమే.

జూన్ 23, మంగళవారం

ఫ్రాన్సీని చల్లే లారీ మీద నుంచి దింపారు. నాజిళ్ళన్నీ విప్పి కడిగేదాకా ఊడ్చే బండి మీద వేశారట. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయన ఆ లారీ మీదే ఉన్నాడని అబీ చెప్పింది. చెప్పి నా వంక చూడలేదు. నేనూ చూడలేదు.

ఊడ్చారు. ఊడ్చేకొద్దీ కొత్త రాళ్ళు లేస్తున్నాయి.

జూన్ 24, బుధవారం

పొద్దున ఎనిమిదింపావుకు రావాల్సిన విజయరాణి తొమ్మిదింటికీ రాలేదు. ఫోను ఎత్తలేదు. తొమ్మిదింపావుకు అంబులెన్సు చప్పుడు వినపడింది, వంపు వైపు నుంచి. నేను చెప్పులు వెతుక్కున్నాను. దొరకలేదు. అవి నా కాళ్ళకే ఉన్నాయి.

రోడ్డు మీదికి వచ్చేసరికి దాని కారు ఎదురుగా వస్తోంది. అంత మెల్లగా వచ్చే కారును నేను ఎప్పుడూ చూడలేదు. గేటు దగ్గర ఆపి అద్దం దించలేదు. లోపలి నుంచే గట్టిగా చెప్పింది.

"దగ్గరికి రావద్దమ్మా. నాకేం కాలేదు. దూరంగా ఉండు."

చేతుల మీద రక్తం. దానిది కాదు. బ్రీజ్ అనే ఆవిడది. సైకిల్ మీద మా లాంటి ముసలివాళ్ళకు ఇంటింటికీ మందులు తెచ్చిచ్చే మనిషి, నా బీపీ మాత్రలూ ఆవిడే గేటుకు తగిలించి పోతుంది. వంపులో చక్రం జారి గోడకు కొట్టుకుంది. వెనకే వస్తున్న విజయరాణి ఆగి, తల కదలకుండా నలభై నిమిషాలు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. మాస్కు లేదు. గ్లవుజులు లేవు. ఆవిడ దీని మొహం మీదికి దగ్గుతూనే ఉందట.

"స్పృహ ఉందా?"

"వస్తూ పోతూ ఉంది."

"బతుకుతుందా?"

"నన్ను అడగకమ్మా," అంది నా కూతురు. రోగుల బంధువులతో మాట్లాడే గొంతు అది. నాతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు.

జూన్ 25, గురువారం

విజయరాణి చిన్న గదిలో ఉంది. టెస్టు చేశారు, రేపో ఎల్లుండో తెలుస్తుంది. పళ్ళెం గుమ్మం ముందు పెట్టి, తలుపు తట్టి, మెట్లు దిగి వచ్చేస్తాను. మెట్ల కింద నిలబడి వింటాను. ఒకసారి దగ్గింది. రెండుసార్లు. టీ గొంతుకు అడ్డం పడిందని పైనుంచి అరిచింది. నేను అక్కడ నిలబడి ఉంటానని దానికి తెలుసు.

బ్రీజ్ గురించి ఏమీ తెలియదు.

ప్రార్థన చేద్దామని కూర్చుంటే నోట్లో బస్సులో పోయిన ఇద్దరి పేర్లు వస్తున్నాయి. మూడో పేరు కలపవద్దు ప్రభువా. నాలుగోదీ వద్దు.

జూన్ 26, శుక్రవారం

ఇది వరసగా రాయాలి. వరస తప్పితే మళ్ళీ నాకు అనుకూలంగా రాసుకుంటాను.

మధ్యాహ్నం రెండింటికి అబీ బల్ల దగ్గర కూర్చుని సోమవారం వేయాల్సిన కొండ రోడ్డు కాగితం చేస్తోంది. నాలుగు కిలోమీటర్లు, సగానికి పైగా ఉత్తరం వైపు, పైన్ చెట్ల కింద. ఊళ్ళ బస్సు దారి. నీడ గడిలో సున్నా పెట్టింది.

"నాజిళ్ళు మార్చేశారు. కాబట్టి వంపుకు పెట్టిన అంకే పెడుతున్నా. ఒకటిన్నర. సరే కదా, అమ్మమ్మా?"

"కాదు."

"ఏది కాదు?"

"అంకె. అక్కడా కాదు, ఇక్కడా కాదు. నాజిళ్ళు మూసుకుపోలేదు. ట్రేలు తూస్తుంటే పక్కనే ఉన్నాను. ఆయన సరిగ్గానే చల్లాడు. నేను తగ్గించమన్నాను, నువ్వు తగ్గించావు. అందుకే రాళ్ళు పట్టలేదు."

అది పెన్ను కింద పెట్టింది.

"ఎప్పుడు తెలిసింది?"

"ఆదివారం."

"ఈరోజు శుక్రవారం."

"వారాల పేర్లు నాకు వచ్చు."

"బుధవారం ఆమె పడింది, అమ్మమ్మా."

 అబీ లేచి సింక్ దగ్గరికి పోయి, నీళ్ళు పట్టుకుని, తాగకుండా పారబోసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నాకు ఒకటి ఎనిమిదే కరెక్టని తెలుసు," అంది వెనక్కి తిరగకుండా. "గైడ్‌లో ఉంది. కాలేజీలో చెప్పారు. కానీ నువ్వు బస్సు సంగతి చెప్పావు. ఇద్దరు పోయారని చెప్పావు. ఆ తరవాత నేను ఎలా కాదంటాను?"

"కాదనాల్సింది."

"నీతోనా?"



మార్టిన్‌కు ఫోను చేసి బల్లమీద పెట్టింది, నాకూ వినపడేలా. "మార్టిన్, వంపు దగ్గర అంకె తప్పు. నేను తగ్గించాను. నీడకు కలపలేదు. ఫ్రాన్సీ తప్పేం లేదు. సోమవారం పని ఆపండి."

"నేను తగ్గించమన్నాను," అన్నాను గట్టిగా, నాకున్న ఇంగ్లీషంతా పోగుచేసుకుని. "ఆ అమ్మాయి సరిగ్గానే చేసింది."

"ఎవరది?"

"మా గ్రానీ."

ఫోన్‌లో చాలాసేపు దగ్గు. లోతుగా, తడిగా. ఆ దగ్గు అయ్యేదాకా మేమిద్దరం కదలలేదు.

"ఆమె మన కంపెనీ కాదు కదా, అబిగేయిల్?"

"కాదు."

"నాకు ఆ రోజు నూట మూడు జ్వరం," అన్నాడాయన. "నేను చదవలేదు. పేరు చూసి సంతకం పెట్టాను. అదీ రాయి. మొత్తం రాయి. ఎవరెవరు ఏం చేశారో అంతా."

రాసింది. నా పేరు దగ్గర ఆగింది. "దేవమణి, రిటైర్డ్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ అని పెట్టు," అన్నాను. "హోదా పెట్టు. హోదా వల్లే జరిగింది."

జూన్ 27, శనివారం

విజయరాణికి కరోనా లేదు. ఫోన్‌లో మెసేజ్ వచ్చిందని పైనుంచి అరిచింది. నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. లేవడానికి ఎవరినీ పిలవలేదు, ఎవరూ దగ్గరికి రాకూడదు కనక. కాసేపటికి నేనే లేచాను.

బ్రీజ్‌కు తెలివి వచ్చింది. మెడ ఎముక బాగానే ఉంది. భుజం ఎముక విరిగింది, ఆపరేషన్ చేస్తారు. తలకు దెబ్బ తగిలిన మనిషి కనక ఇంకా కొన్నాళ్ళు చూడాలట.

సాయంత్రం వంపు దగ్గరికి వెళ్ళాను. రోడ్డు ఒక పక్క మూసేశారు. ఫ్రాన్సీ ఊడ్చే బండి ఆపి దిగాడు. మధ్యలో దారి మూసే ఒక ప్లాస్టిక్ శంకువు, దానికి అటు ఆయన, ఇటు నేను.

"నాజిళ్ళ సంగతి నేను అబద్ధం చెప్పాను," అన్నాను.

"తెలుసు, మిస్సస్. మీరు ట్రేల పక్కనే నిలబడ్డారుగా."

"మరి ఎందుకు ఊరుకున్నారు?"

ఆయన టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఈసారి మెల్లగా మాట్లాడాడు, నాకు అర్థం కావాలని. "ఆ రోజు పొద్దునే కాగితం చూసి అమ్మాయిని అడిగాను, ఇక్కడ ఇది తక్కువ కాదా అని. మా గ్రానీ ముప్పై అయిదేళ్ళు రోడ్లు వేసింది, ఆమె చూసింది అంది. నేను ఇరవై ఎనిమిదేళ్ళే చేశాను. మీరేమో జాకెట్టు వేసుకుని అక్కడ నిలబడ్డారు."

క్షమించమని అడిగాను. తల ఊపాడు. అది క్షమించినట్టో, విన్నట్టో తెలియలేదు. బండెక్కి ఊడ్చుకుంటూ పోయాడు.

జూన్ 29, సోమవారం

తీర్పు వచ్చింది. అబీ ఈ ఏడాదికి డిజైన్ చేయకూడదు. సీజన్ అయ్యేదాకా ఫ్రాన్సీ కింద సైట్లో ఉండాలి, ట్రేలు తూయాలి, రాయి చూడాలి. ఉద్యోగం మాత్రం ఉంది. ఎన్నాళ్ళుంటుందో ఉత్తరంలో లేదు.

బల్ల మీద నుంచి కంప్యూటర్, కాగితాలు తీసేసింది. వంటింటి బల్ల ఇంత పెద్దదని నాకు తెలియదు.

విజయరాణి మళ్ళీ డ్యూటీకి పోయింది. వంపు మూసి ఉంది, చుట్టుదారి. పన్నెండు కిలోమీటర్లు ఎక్కువ. చేరాక మెసేజ్ పెట్టమన్నాను. ఇంతకుముందు ఎప్పుడూ అడగలేదు. పెట్టింది.

జూలై 1, బుధవారం

వంపులో మళ్ళీ వేశారు. మిగిలిన రాళ్ళు ఊడ్చి, పైన ఇంకొక పొర తారు, సన్న చిప్స్. అంకె ఎంతో నేను అడగలేదు. చూడటానికి పోలేదు. కిటికీ దగ్గర కూర్చుని మబ్బు వంక చూశాను. మూడింటికి నాలుగు చినుకులు పడ్డాయి. లెక్కపెట్టాను కనక నాలుగని తెలుసు. ఆగిపోయాయి.

జూలై 3, శుక్రవారం

నిన్న, ఇవాళ కొండ రోడ్డు వేశారు. అబీ ఇవాళ ఆరున్నరకు వచ్చింది. మొహం ఎండకు కందిపోయింది, జుట్టులో దుమ్ము. పట్టిందా అని అడగాలని ఉంది.  రేపు వాన అంటున్నారు. సోమవారం నుంచి బస్సు తిరుగుతుందట.

అది నా ఎదురుగా కుర్చీలో కూలబడి రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. వేళ్ళ సందుల్లో, గోళ్ళ చుట్టూ, మణికట్టు దాకా తారు. సబ్బుతో రుద్దినట్టుంది, చర్మం ఎర్రబడింది కాని నలుపు అలాగే ఉంది.

వారం తరవాత మొదటిసారి నన్ను తిన్నగా చూసి అడిగింది, "అమ్మమ్మా, ఇది ఎలా పోతుంది?"

నాకు తెలుసు. ముప్పై అయిదేళ్ళు ఆ చేతులు నావే. కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి, ఉప్పు కలిపి, పాత గుడ్డతో మెల్లగా రుద్దాలి. సీసా నా వెనకే అలమరలో రెండో అరలో ఉంది.

"ఫ్రాన్సీ ఏమన్నాడు?" అన్నాను.

"బటర్ అన్నాడు."

లేచి ఫ్రిజ్ తెరిచి వెన్న తెచ్చాను. చెయ్యి ఇవ్వమన్నాను. ఇచ్చింది.